కోసిన పది శాతం మనదే, అడిగితేనే వస్తది

నెలకి 30 వేలకి ఒప్పుకున్న పని. అకౌంట్లో పడింది 27 వేలు. రేపల్లెలో ఇంట్లోనే కూర్చుని హైదరాబాద్ కంపెనీ ఒకదానికి వెబ్‌సైట్లు చేసిచ్చే రోజులు. ఫోన్ చేసి అడిగితే "టీడీఎస్ బ్రదర్, గవర్నమెంటుకి కట్టేశాం" అన్నారు. గవర్నమెంటుకి పోయింది ఇంకేం వెనక్కి వస్తదిలే అని వదిలేశా. అట్టా ఏడాదికి 36 వేలు.

రెండేళ్ల తర్వాత తెనాల్లో ఆడిటర్ దగ్గర పనిచేసే మా బావకి ఈ సంగతి చెప్తే తల కొట్టుకున్నాడు. "అది పన్ను కాదు బావా, ముందుగా పట్టుకున్న డబ్బు. నువ్వు రిటర్న్ వెయ్యకపోతే వాళ్లు మీ ఇంటికొచ్చి ఇస్తారా?" అన్నాడు. అప్పటికే గడువు దాటిపోయింది. ఆ 36 వేలు తెలియనితనానికి నేను కట్టిన ఫీజు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్లల్లో ఇట్టా వదిలేసుకునే కుర్రోళ్లు కనపడతానే ఉన్నారు. అందుకే ఇది రాస్తన్నా.

లెక్క చూద్దాం. వృత్తి పనికి డబ్బిచ్చేటప్పుడు కంపెనీ 10 శాతం కోసి మన పాన్ మీద కట్టాలి. టెక్నికల్ సర్వీసు అని లెక్కేస్తే 2 శాతం. ఒక కంపెనీ నుంచి ఏడాదికి 50 వేలు దాటితేనే ఈ కోత. 2025 ఏప్రిల్‌కి ముందు ఆ హద్దు 30 వేలే. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం.

ఇంకోపక్క, ఐటీ, ఇంజినీరింగ్ లాంటి కొన్ని వృత్తులకి 44ఏడీఏ అని ఒక సెక్షన్ ఉంది. బిల్లులు, పుస్తకాలు ఏమీ చూపించక్కర్లేదు, వచ్చిన దాంట్లో సగం ఖర్చు కింద పోయిందనుకుని మిగతా సగమే ఆదాయంగా చూపొచ్చు. అంటే 3 లక్షల 60 వేలకి ఆదాయం 1 లక్షా 80 వేలు. కొత్త పద్ధతిలో 4 లక్షల దాకా పన్నే లేదు, రిబేటు కలిపితే 12 లక్షల ఆదాయం దాకా కట్టేది సున్నా. మరి కోసిన 36 వేలు ఎవరివి? పూర్తిగా మనవే. ఇంకో సంగతి, ఏడాదిలో కోత 25 వేలు దాటితే ఆదాయం తక్కువైనా సరే రిటర్న్ వెయ్యాల్సిందే.

బండి మీద డెలివరీ చేసే తమ్ముళ్ల లెక్క వేరు. కాంట్రాక్టు పని కింద ఇస్తే కోత 1 శాతం. ఏడాదికి 2 లక్షల 40 వేలొస్తే పోయేది 2,400. చిన్న మొత్తమే, కానీ ఎండల్లో తిరిగి సంపాదించింది. వాళ్లు వ్యాపారం కింద 44ఏడీలో, బ్యాంకులో పడ్డ దాంట్లో కనీసం 6 శాతం ఆదాయంగా చూపొచ్చు. నిజంగా మిగిలింది అంతకన్నా ఎక్కువైతే అదే చూపాలి. పెట్రోలు, సర్వీసింగు విడిగా తీసేసుకోవడం ఇందులో కుదరదు, ఆ ఖర్చులన్నీ ఆ లెక్కలోనే కలిసిపోతయ్.

చట్టం మనల్ని బాదేస్తందని నేను అనను. జీతగాళ్లకి 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ ఇస్తే, వృత్తి పనోళ్లకి సగం వదిలేసింది. గొడవంతా ముందు కోసి తర్వాత ఇచ్చే పద్ధతితోనే. బ్యాంకులో డిపాజిట్ వేసుకున్నాయన "నాకు పన్ను పడేంత ఆదాయం లేదు" అని కాగితం ఇస్తే వడ్డీలో కోత ఆగిపోద్ది. ఇంట్లో కూర్చుని రాత్రిళ్లు పనిచేసే బాపట్ల పిల్లకి ఆ కాగితం చెల్లదు. వడ్డీ తినేవాళ్ల మాట నమ్మినోళ్లు, రెక్కల కష్టం చేసేవాళ్ల మాట ఎందుకు నమ్మరు? అధికారికి దరఖాస్తు పెట్టి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకునే దారి ఉంది గానీ, నెలకి 30 వేలోడు ఆ దారిన పోతాడా? చిన్నవాళ్లకి దాన్ని తేలిక చేస్తామని 2026 బడ్జెట్‌లో చెప్పారు. చెప్పింది మన ఊళ్ల దాకా రావాలి.

మన వైపు నుంచీ రెండు జాగ్రత్తలు. "పెద్ద రీఫండ్ తెప్పిస్తా, నాకు సగం ఇయ్యి" అనే ఏజెంట్లని దగ్గరికి రానీయొద్దు. దొంగ విరాళాలు, లేని ఇన్సూరెన్సులు చూపించే వాళ్ల మీద 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ దేశమంతా సోదాలు చేసింది. నోటీసు వచ్చేది ఏజెంటుకి కాదు, పాన్ కార్డు ఉన్నోడికి. రెండోది, పన్ను ఎట్టాగూ సున్నాయేగా అని ఆదాయం మరీ తగ్గించి చూపొద్దు. రేపు లోనుకి పోతే బ్యాంకోళ్లు చూసేది ఆ రిటర్నులే.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారినయ్. అయినా 2025-26 ఆదాయానికి రిటర్న్ పాత చట్టం కిందే. ఆదాయపు పన్ను పోర్టల్లో పాన్‌తో లాగినై ఫారం 26ఏఎస్ తెరిస్తే ఎవరెంత కోశారో కనపడతది. రిటర్న్ వెయ్యడానికి అక్కడ రూపాయి ఫీజు లేదు. గడువు దాటినా డిసెంబరు 31 దాకా ఆలస్యపు రిటర్న్ ఉంది. ఆ తర్వాత పెద్దాఫీసులకి అర్జీలు పెట్టుకోవాల్సిందే.

పింఛను, రేషన్ పనులకి గ్రామ సచివాలయం మెట్లెక్కుతాం. ఏడాదికోసారి అక్కడే ఓ రోజు రిటర్న్ వేయించే క్యాంపు పెడితే ఎన్ని ఇళ్లకి డబ్బులు తిరిగొస్తయ్! పెట్టమని మనం అడగాలి. ఈలోపు ఇవాళే 26ఏఎస్ తెరిచి చూడండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. నా 36 వేలు ఎట్టాగూ పోయినయ్, మీవి పోనీయొద్దు.