ఆటల మైదానం ఎవరి చేలల్లో?

హైదరాబాదు నగరానికి ఆటలకు, పాటలకు పెద్ద మైదానం ఎక్కడ కట్టాలన్న చర్చ వచ్చినప్పుడల్లా మాట్లాడేది ఎవరు? మంత్రులు, క్రికెట్ సంఘాల పెద్దలు, కంట్రాక్టర్లు, ప్లాట్ల వ్యాపారులు. ఆ స్థలంలో నాట్లు వేసిన కూలీని, గొర్రెలు మేపుకొన్న కాపరిని పిలిచి అడిగిన దాఖలా మాకు ఎక్కడా కనపడలేదు. స్టేడియం మాట రైతు కూలీల పేజీలో ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. స్టేడియానికి కావలసింది ముందుగా భూమి. ఆ భూమిలో ఎవరో ఒకరు యివాళ పని చేస్తున్నారు. అందుకని.

2024 ఆగస్టు 2న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శాసనసభలో ఒక ప్రకటన చేశారు. రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలోని బేగరికంచె దగ్గర అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం కట్టిస్తామన్నారు. అది ఏ ప్రాంతం? గత ప్రభుత్వం ఫార్మాసిటీ పేరిట 19,333 ఎకరాలు తీసుకోవాలని తలపెట్టిన ప్రాంతమే. యాచారం మండలంలో మేడిపల్లి, కుర్మిద్ద, తాటిపర్తి, నానక్‌నగర్ రైతులు ఏళ్ళ తరబడి ఆ సేకరణను ఎదిరించినారు. 2023లో మేడిపల్లి, కుర్మిద్ద రైతులు హైకోర్టులో తీర్పు కూడా తెచ్చుకొన్నారు. ప్రభుత్వం మారింది. మందుల కంపెనీలని తీసుకొన్నచోట యిప్పుడు ఫ్యూచర్ సిటీ అంటున్నారు, విశ్వవిద్యాలయం అంటున్నారు, స్టేడియం అంటున్నారు. మందుల కంపెనీలు వద్దన్న రైతులకు అది తప్పినందుకు మేమూ సంతోషిస్తాము. ఫార్మా వస్తే ఏమవుతుందో మన పటాన్‌చెరు వాళ్ళకు ఒకరు చెప్పక్కరలేదు. కాని ఒక పని పేరు చెప్పి తీసుకొన్న భూమిని యింకొక పనికి వాడదలిస్తే, ఆ భూమి యిచ్చినవాణ్ణి మళ్ళీ అడగాలా వద్దా?

చట్టంలో దీనికి జవాబు వున్నది. 2013 భూసేకరణ చట్టం 99వ సెక్షను, ఏ ప్రయోజనానికి భూమి సేకరించారో దాన్ని మార్చరాదంటుంది. ఆ భూమి మొదటి పనికి బొత్తిగా పనికిరాకుండా పోయినప్పుడు మాత్రం మరొక ప్రజా ప్రయోజనానికి వాడుకోవచ్చునని సందు వదిలింది. 101వ సెక్షను, స్వాధీనం చేసుకొన్న తర్వాత ఐదేళ్ళు వాడకుండా వుంచిన భూమిని సొంతదారుకో, ప్రభుత్వ భూమి బ్యాంకుకో తిరిగి యివ్వాలంటుంది. ఆ "భూమి బ్యాంకు" అన్న మాట ఎవరు దూర్చారో గాని, దొరవారికి దొడ్డిదారి అదే.

యిక మన వైపు సంగతి. 2025 నవంబరులో ప్రభుత్వం ఔటర్ రింగు రోడ్డు లోపలి పారిశ్రామికవాడల భూములను వేరే వాడకాలకు మార్చుకొనే విధానం ప్రకటించింది. హిల్ట్ అని పొట్టిపేరు పెట్టారు. సుమారు 9,292 ఎకరాలు దీని కిందికి వస్తాయి. పటాన్‌చెరు ఆ జాబితాలో వున్నది. కర్మాగారం యజమాని రిజిస్ట్రేషను విలువలో 30 శాతం, 80 అడుగుల పెద్ద రోడ్డు మీద వుంటే 50 శాతం రుసుము కట్టి, ఆ స్థలంలో అపార్టుమెంట్లు కట్టుకోవచ్చు, హోటలు పెట్టుకోవచ్చు, వినోద కేంద్రం కట్టుకోవచ్చు. అంటే రేపు నగరపు కొత్త రంగస్థలం మన ముత్తంగి దాపునో, పటాన్‌చెరు అడ్డా పక్కనో లేస్తుందన్నా ఆశ్చర్యపడవలసింది లేదు. ఔటరు రోడ్డు వున్నది, జాతీయ రహదారి వున్నది. పక్కనే తెల్లాపూర్, అమీన్‌పూర్, బొల్లారం 2025 డిసెంబరులో నగరపాలక సంస్థలో కలిసిపోయినయి కూడా.

యీ పారిశ్రామికవాడల భూమి ఎక్కడిది? 1970, 80 దశకాలలో రైతుల దగ్గర, లావుణి పట్టాలున్న బీదల దగ్గర తీసుకొన్నదే. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోకసభకు గెలిచిన తర్వాత యీ ప్రాంతంలో కర్మాగారాలు జోరుగా పెరిగినయి. భూమి పోతే పోయింది, యింటికొక నౌకరీ వస్తుందని ఆనాడు అందరూ అనుకొన్నారు. వచ్చిన నౌకరీ ఎట్లాంటిదో పాశమైలారం కూలీ గదుల్లోకి తొంగిచూస్తే తెలుస్తుంది. ఆ రోజుల్లోనే, 1972లో, ఇక్రిశాట్ వచ్చింది. సుమారు 1,400 హెక్టార్లు తీసుకొన్నారు. మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్ళు లేచిపోయినయి. ఆ ఊళ్ళవాళ్ళ బాధ వేరే కథ. అయితే మెట్ట పంటల పరిశోధనకని తీసుకొన్న భూమిలో నేటికీ మెట్ట పంటల పరిశోధనే జరుగుతున్నదని ఒప్పుకోవాలి. కర్మాగారాల యజమానుల సంగతి అట్లా కాదు. పరిశ్రమకని చవుకగా పుచ్చుకొన్నారు, లాభం పిండుకొన్నారు, యిప్పుడు సగం విలువ కట్టి పూర్తి విలువకు అమ్ముకోవచ్చునట!

మూతబడిన కర్మాగారం స్థలంలో స్టేడియం కడితే తప్పేమిటి, కొత్తగా ఎవరి చెలకా పోదు గదా అని మా కార్యకర్తల్లోనే కొందరు అంటున్నారు. యీ మాటను తోసిపుచ్చలేము. పచ్చటి చేను కంటే పాడుబడిన షెడ్డు నయమే. కాని ఆ మట్టిలో ఏమున్నదో చూడకుండా పిల్లలను ఆడమనగలమా? 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధనలో, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. కొన్ని సూక్ష్మజీవులను దెబ్బతీసే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైన. ఆ నీళ్ళు యిసకవాగులో, నక్కవాగులో కలిసి మంజీరకు పోయినయి. వాగు గట్టు రైతులు పొలాలు పడావు పెట్టుకొన్నారు. బొల్లారం ఆసానికుంట, ఖాజీపల్లి చెరువు ఏమైపోయినయో చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. 1990లో సుప్రీంకోర్టుకు పోయిన కేసు, డాక్టర్ కిషన్‌రావు వంటివారు దశాబ్దాల పాటు చేసిన పోరాటం లేకపోతే ఆ మాత్రం శుద్ధి కేంద్రమూ, ఆ మాత్రం పరిహారమూ వచ్చేవి కావు.

కాబట్టి స్థలం మార్చేముందు ఆ మట్టిని, కింది నీటిని పరీక్ష చేయించాలి. చెడగొట్టినవాడి ఖర్చుతోనే శుభ్రం చేయించాలి. ఆ ఫలితాన్ని పంచాయతీలో, మున్సిపాలిటీలో తెలుగులో అంటించాలి. అంతకంటే ముందు అక్కడ పని చేసిన కార్మికుడి బాకీ తీరాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారం పేలి 50 మందికి పైగా కార్మికులు చనిపోయినారు. కొందరి శవాలు కూడా దొరకలేదు. ఎక్కువమంది దూర రాష్ట్రాల నుంచి బతకవచ్చినవారు. యిట్లాంటి వాడలో యజమానికి భూమి మార్పిడి లాభం గురించి జీవో వస్తుంది గాని, కార్మికుడి గ్రాట్యుటీ, నష్టపరిహారం ముందు కట్టాలన్న షరతు మాకు వినపడలేదు.

యింతకీ నగరానికి మైదానాల కరువున్నదా? ఊరి నడుమ ఫతేమైదాన్‌లో లాల్‌బహదూర్ స్టేడియం వున్నది. గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఆసియా క్రీడలనాటి నిర్మాణాలు వున్నాయి. ఉప్పల్‌లో 2005 నుంచి అంతర్జాతీయ క్రికెట్ ఆడుతున్నారు. మెట్రో రైలు దాని ముందే ఆగుతుంది. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలు గచ్చిబౌలిలో మొదలై హైటెక్స్‌లో ముగిసినయి. అదే ఏడు డిసెంబరు 13న ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీ వస్తే ఉప్పల్ మైదానమే సరిపోయింది. టికెట్టు వేలల్లో పలికింది, అది వేరే సంగతి. గచ్చిబౌలిలో క్రీడాకారుల వసతికని కట్టిన పెద్ద టవరు ఏళ్ళ తరబడి వుత్తిగానే వుండి, 2020లో కరోనా వస్తే ఆస్పత్రి అయింది. ఆ విధంగానైనా ఒక మంచి పనికి వచ్చింది.

ఆటల పేరు చెప్పి భూమి కాజేయాలని చూసిన కథ కూడా ఆ గచ్చిబౌలిలోనే వున్నది. 2003 ఆగస్టులో అప్పటి ప్రభుత్వం ఐఎంజీ భారత అనే సంస్థతో ఒప్పందం చేసుకొన్నది. ఒప్పందానికి కొద్ది రోజుల ముందు పుట్టిన సంస్థ అది! కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు, మామిడిపల్లిలో 450 ఎకరాలు, పైగా ప్రజల సొమ్ముతో కట్టిన స్టేడియాల నిర్వహణ. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. కోర్టుల్లో 2024 దాకా నడిచి, ఆ సంస్థ ఓడిపోయింది. ప్రజల భూమి ప్రజలకు మిగిలిందని మనం సంతోషపడేలోగా, 2025 మార్చి నెలాఖరున అదే 400 ఎకరాల మీదికి బుల్‌డోజర్లు పోయినయి. విద్యార్థులు అడ్డం పడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. ఆట కోసమన్న భూమి రేటు పెరిగిన తర్వాత వేలం సరుకైంది.

అమెరికాలో కూడా యిదే వరస. లాస్ ఏంజిల్స్ నగరంలో చావెజ్ రవీన్ అనే చోట మెక్సికన్ బీద కుటుంబాలు కాయగూరలు పండించుకొంటూ వుండేవి. 1950 ప్రాంతంలో, బీదలకు ప్రభుత్వ ఇళ్ళు కడతామని వాళ్ళను లేపారు. ఇళ్ళ పథకం మూలపడింది. 1959లో మిగిలిన కుటుంబాలను పోలీసులు మోసుకొచ్చి బయట పడవేశారు. 1962లో అక్కడ బేస్‌బాల్ స్టేడియం తెరిచారు.

మేము ఆటలకు, పాటలకు విరోధులం కాము. కైకిలి చేసే మనిషికి కూడా ఆదివారం వుండాలి. ఏడుపాయల జాతరకు శివరాత్రినాడు మంజీర గట్టున లక్షల జనం కూడుతారు. బొంతపల్లి వీరభద్రుడి జాతరకు చుట్టు ఊళ్ళన్నీ కదులుతాయి. అక్కడ టికెట్టు లేదు, జాతర అయిపోతే చేను మళ్ళీ చేనే. కొత్త కట్టడం కావాలనుకొంటే దానికి తగిన చోటు గురించి మా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాము. యిప్పుడున్న స్టేడియాలను బాగుచేసుకొన్న తర్వాతనే కొత్తది. అదీ ప్రభుత్వ స్థలంలో, బస్సు, రైలు దాకా నడిచిపోగలిగిన చోట. 2025 జూన్ 4న బెంగుళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయినారు. జనం వచ్చే దారి, పోయే దారి ముందు చూసుకోవాలి. మెట్రో మియాపూర్ దాకా వచ్చి ఆగిన పటాన్‌చెరు రోడ్డు మీద, ఒక్క షిఫ్టు మారితేనే గంటల తరబడి లారీలు నిలుస్తాయి. చెరువు శిఖం, లావుణి పట్టా, గొర్రెల మేత కంచెలు, రెండు పంటల భూమి, యివి ముట్టరాదు. పాశమైలారం, బొల్లారం కార్మికులకు, వాళ్ళ పిల్లలకు బంతి ఆడుకొనే జాగా యీనాడు లేదు. 2022లో ఊరికొక క్రీడా ప్రాంగణం అన్నారు. చాలా ఊళ్ళల్లో బోర్డు నిలబడి వున్నది, దాని వెనక సర్కారు తుమ్మ మొలిచింది.

యిక అసలు మాట. ఎంత చెప్పినా రేపు భూమి తీసుకొనే రోజు రావచ్చు. ఆ రోజున పట్టాదారుకు చెక్కు, కూలీకి చెయ్యి చూపడం ఆనవాయితీ అయింది. 2013 చట్టం ప్రజా ప్రయోజనాల్లో ఆటలను, పర్యాటకాన్ని కూడా చేర్చింది. కాని అదే చట్టం, సేకరణకు ముందు మూడేళ్ళుగా అక్కడ పని చేస్తూ జీవనోపాధి కోల్పోయే వ్యవసాయ కార్మికుణ్ణి, కౌలుదారుణ్ణి, చేతివృత్తివాణ్ణి కూడా బాధిత కుటుంబంగా లెక్కించాలన్నది. వేరే చోటు చూశారా, తీసుకొంటున్నది అవసరమైన కనీసమేనా అని సామాజిక ప్రభావ అధ్యయనంలో తేల్చాలన్నది. రాష్ట్రం 2017లో సవరణ తెచ్చి కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ అధ్యయనం నుంచి తప్పించుకొనే వీలు చేసుకొన్నది. స్టేడియం పేరును ఆ సందులోంచి దూరనివ్వకూడదు. లావుణి పట్టాదారులు యింకొకటి గుర్తుంచుకోవాలి. చేవెళ్ళ డివిజనుకు చెందిన మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో, అసైన్డు భూమికి కూడా పట్టా భూమితో సమానంగా మార్కెట్టు విలువ యివ్వాలని చెప్పింది. "సర్కారిచ్చిన భూమి, సర్కారు తీసుకొంటది" అని ఏ అధికారి అన్నా ఆ తీర్పు చూపండి.

యిది కాగితం మీది హక్కే గదా అనవద్దు. జహీరాబాదు దగ్గర న్యాలకల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ కోసం 12,635 ఎకరాలు తీసుకోవాలని, 123 నెంబరు జీవో కింద నేరుగా కొనుగోలు మొదలుపెట్టారు. ఆ జీవోలో కూలీ వూసే లేదు. సెంటు భూమి లేని ఆ ప్రాంతపు వ్యవసాయ కార్మికులు హైకోర్టుకు పోయినారు. 2016 ఆగస్టు 3న కోర్టు ఆ జీవోను కొట్టివేసింది. ప్రభుత్వం అప్పీలుకు పోయింది, తర్వాత చట్టాన్నే సవరించింది, అయినా కూలీ పేరు లెక్కలో రాయక తప్పలేదు.

సంగారెడ్డి జిల్లాలో ఔటరు రోడ్డు, రీజినల్ రింగు రోడ్డు దాపునున్న గ్రామ శాఖలు యీ నెలలోనే కూచోవాలి. ఏ సర్వే నెంబరులో ఎవరు కౌలు చేస్తున్నారు, ఏయే ఇళ్ళ ఆడవాళ్ళు ఏ రైతు దగ్గర నాట్లకు, కలుపుకు, పత్తి తీతకు పోతున్నారు, ఎన్నేళ్ళుగా పోతున్నారు, రాసిపెట్టాలి. పాత జాబ్ కార్డు, రేషను కార్డు, కౌలు కాగితం ఏదుంటే అది జతచేయాలి. కాగితం లేనివాళ్ళకు పక్క చేని వాళ్ళ చేత సాక్ష్యం సంతకం పెట్టించాలి. ఆ జాబితా ఒక ప్రతి తహసీలుదారుకు, ఒక ప్రతి పంచాయతీ కార్యదర్శికి యిచ్చి, ముట్టినట్టు తారీఖు వేసిన రసీదు తీసుకోవాలి.