ఇంటి వెనక పొలం కావాలి, దాని కోసం 120 డాలర్లు మాత్రం ఇవ్వమా?

ఈ నవంబరు బ్యాలట్‌లో మా టౌన్‌షిప్ ఒక ప్రశ్న అడుగుతోంది. ఇంటి విలువలో ప్రతి వంద డాలర్లకు రెండు సెంట్ల చొప్పున పన్ను వేస్తాం, ఆ డబ్బుతో ఊళ్ళో మిగిలిన పొలాలను కాపాడతాం, ఒప్పుకుంటారా అని. 6 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 120 డాలర్లు. మా తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో రెండు రోజులుగా ఒకటే మాట: "నో అని కొట్టేయండి."

అదే గ్రూపులో జూన్ నెలంతా స్ట్రాబెర్రీ తోటల్లో ఫోటోలు, అక్టోబరు వస్తే గుమ్మడికాయల మీద కూర్చున్న పిల్లల ఫోటోలు. న్యూజెర్సీ వంకాయ లేతగా ఉంటుందని గుత్తివంకాయ కూరకు అక్కడికే పరుగెత్తుతాం. ఇల్లు కొన్నప్పుడు "వెనకంతా పొలమేనండీ, ఎంత ప్రశాంతమో" అని చెప్పుకోని వాళ్ళు మనలో ఎవరు? ఆ పొలం మనది కాదమ్మా. దానికో యజమాని ఉన్నాడు. ఆయనకు వయసు మీద పడుతోంది. వేర్‌హౌసులు కట్టేవాళ్ళు ఆయన్ని వదిలిపెట్టడం లేదు. రేపు ఆయన సంతకం పెడితే మన వంటింటి కిటికీలోంచి కనిపించేది లారీల వరుస.

మనకు పొలం అంటే ఒకటే ఆస్తి, ఉంచుకోవడమో అమ్ముకోవడమో. ఇక్కడి చట్టం దాన్ని హక్కుల మూటగా చూస్తుంది. దున్నుకునే హక్కు, అమ్ముకునే హక్కు, పిల్లలకు రాసిచ్చే హక్కు, ఇళ్ళో గోదాములో కట్టే హక్కు. ఆ చివరి హక్కును ఒక్కదాన్ని విడదీసి కొనేయడమే కన్సర్వేషన్ ఈజ్‌మెంట్. ఇళ్ళు కట్టుకోవచ్చంటే ఈ భూమి ఎంత పలుకుతుంది, సాగుకు మాత్రమే అంటే ఎంత పలుకుతుంది అని విలువ కట్టిస్తారు. ఆ రెండింటికీ మధ్య తేడాయే ఆ హక్కుకు ధర. పొలం రైతు పేరు మీదే ఉంటుంది. రేపు అమ్మినా, మనవడికి రాసినా, ఆ షరతు దస్తావేజుతో పాటే వెళ్తుంది. కట్టే హక్కు పోయింది కాబట్టి ధర తగ్గుతుంది. వ్యవసాయం చేద్దామనుకునే కుర్రవాళ్ళకు కొనే వీలు అక్కడే దొరుకుతుంది.

ఇదేమీ నిన్నటి ముచ్చట కాదు. న్యూజెర్సీ 1983లోనే దీనికి చట్టం చేసింది. 1998లో ఇందుకోసం అమ్మకపు పన్నులోంచి డబ్బు కేటాయించడానికి ఓటర్లు ఒప్పుకున్నారు. ఇప్పటికి 2 లక్షల ఎకరాలకు పైగా ఇలా నిలిచాయి. మనం ఫోటోలు దిగే తోటల్లో కొన్ని అవే.

గ్రూపులో ఒక వదినగారు రాశారు, "ఇదంతా డబ్బున్నవాళ్ళు పన్ను ఎగ్గొట్టే ఎత్తు" అని. ఆవిడ చెబుతున్నది వేరే చట్టం గురించి. 1964 నాటి ఫార్మ్‌లాండ్ అసెస్‌మెంట్ అది. ఐదెకరాలుండి ఏడాదికి వెయ్యి డాలర్ల పంట అమ్మినట్టు చూపిస్తే భూమి పన్ను బాగా తగ్గుతుంది. నాలుగు గొర్రెల్ని కట్టేసి రైతునంటే నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ అందులో కట్టే హక్కు ఎక్కడికీ పోదు, మనసైనప్పుడు అమ్మేసుకోవచ్చు. ఈజ్‌మెంట్ల పేరుతోనూ మోసాలు జరిగాయి, కాదనను. కొందరు ఉమ్మడిగా భూములు కొని, విలువలు ఆకాశానికి పెంచి చూపించి ఆదాయపు పన్ను మినహాయింపులు కొట్టేశారు. 2022లో వాటికి చట్టం కళ్ళెం వేసింది. మన బ్యాలట్‌లో ఉన్నది అదీ కాదు.

రెండో మాట, "ఇప్పటికే పన్నులు దేశంలోకెల్లా ఎక్కువ" అని. నిజమే, అందుకే అడుగుతున్నాను. ఆ పొలంలో రెండొందల ఇళ్ళొస్తే ఆ పిల్లలకు స్కూలు గదులు ఎవరు కట్టాలి? బస్సులు, టీచర్లు, పోలీసులు, రోడ్లు? ఇళ్ళు కట్టే పన్ను కంటే ఇళ్ళకయ్యే ఖర్చే ఎక్కువని, పొలాల విషయంలో అది తిరగబడుతుందని అమెరికన్ ఫార్మ్‌లాండ్ ట్రస్ట్ ఎన్నో ఊళ్ళ లెక్కలు తీసి చూపించింది. మొక్కజొన్న స్కూలుకు వెళ్ళదు కదా! అలాగని ఇళ్ళు వద్దనడం లేదు. ఖాళీగా పడున్న ఆఫీసు భవనాల స్థలాల్లో కట్టొచ్చు. పొలం వంక పెట్టి అపార్ట్‌మెంట్లను, అద్దెకుండేవాళ్ళను రానివ్వని ఊళ్ళూ ఉన్నాయి, వాటిని నేను సమర్థించను.

ఇక "గవర్నమెంటే కట్టొద్దని ఒక ఆర్డరు వేస్తే పోలేదా, డబ్బెందుకు ఇవ్వాలి" అన్న అమ్మాయికి మన హైదరాబాదు సంగతే చెప్తాను. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల కోసం 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో నిర్మాణాలకు పగ్గాలు వేశారు. పక్క ఊరి ఎకరం కోట్లకు పోతుంటే, ఊరి నీళ్ళ కోసం తన ధర పోగొట్టుకున్న రైతుకు ఆ తేడా ఎవరూ ఇవ్వలేదు. మరి ఆ రైతు ఎత్తేయమని అడగడా? 2022లో ఇంకో జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. ఒక కాగితంతో వచ్చింది ఇంకో కాగితంతో పోయింది. ఊరంతటికీ లాభమైనదానికి రైతు ఒక్కడే మూల్యం చెల్లించాలనడం అన్యాయం. అది నిలబడదు కూడా. డబ్బిచ్చి కొన్న షరతు అంత తేలిగ్గా కదలదు.

నాకు అసలు కోపం ఇంకొకటి. ప్రాపర్టీ టాక్స్ అనగానే "అది మావారు చూసుకుంటారు" అనేస్తాం. స్కూలు జోన్ మారితే ఏడ్చేది మనం, పిల్లల్ని దింపడానికి ట్రాఫిక్‌లో కూర్చునేది మనం. గ్రీన్‌కార్డు దగ్గరే ఆగినవాళ్ళకు ఎలాగూ ఓటు లేదు. పౌరసత్వం వచ్చినవాళ్ళైనా గ్రూపులో వచ్చిన మెసేజ్ చూసి కాకుండా ప్రశ్న చదివి వేయండి. నేను యెస్ వేస్తున్నాను, మా ఇంట్లో మాటామాటా అయినా సరే.

మంగళవారం రాత్రి 7 గంటలకు టౌన్‌షిప్ హాల్లో దీని మీద మీటింగు ఉంది. నేను వెళ్తున్నాను, నా కారులో ఇంకో ముగ్గురికి చోటుంది.