ఏది పోయిందో చూపించమని అడుగుదాం

షార్జాలో మా గదిలో ఆరుగురం. మొన్న ఎండల్లో ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. లోపల లైటు మాత్రం వెలుగుతోంది. వచ్చిన మెకానిక్ వెనక మూతైనా విప్పకుండా "కంప్రెసర్ పోయింది, కొత్త ఫ్రిజ్ కొనుక్కోండి" అన్నాడు. మాకు నమ్మకం కుదరక ఇంకొకతన్ని పిలిచాం. అతను ప్లగ్ తీసి, కంట్రోల్ బోర్డు విప్పి చూపించాడు: ఒక కెపాసిటర్ ఉబ్బిపోయి ఉంది. కంప్రెసర్‌ను విడిగా పరీక్షిస్తే బాగానే ఉంది. బోర్డు మీది నంబరు చూసి అదే రకం తెచ్చి వేశాడు. కొత్త ఫ్రిజ్ ఖర్చు తప్పింది.

సోదరులారా, బోర్డు మీరే విప్పొద్దు. ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. కానీ ఏది పోయిందో చూపించమనండి, పాత భాగం అడిగి తీసుకోండి, ఆ తర్వాతే డబ్బివ్వండి. అడగడానికి మొహమాటం వద్దు. ఆ దిర్హాములు ఇంటికి పంపాల్సినవి.