పెల్లెట్ గ్రిల్ కొంటున్నారా? యాప్ సంగతి తర్వాత, ముందు ఇగ్నైటర్ సంగతి చూడండి

అమెరికాలో మన తెలుగువాళ్ల ఇళ్ల పెరళ్లలో ఈమధ్య ఒక గ్యాడ్జెట్ బాగా కనిపిస్తోంది. దానికి వైఫై ఉంటుంది, యాప్ ఉంటుంది, ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు వస్తాయి, ప్లగ్ పెడితేనే పనిచేస్తుంది. కానీ లోపల మండేది మాత్రం కట్టె. అదే పెల్లెట్ గ్రిల్. డల్లాస్ దగ్గర ఉంటూ నేను దీన్ని వాడటం మొదలుపెట్టి ఇది నాలుగో ఏడాది. నా చుట్టుపక్కల కనీసం అరడజను మంది ఫ్రెండ్స్ దగ్గర రకరకాల బ్రాండ్లవి ఉన్నాయి. మా వాట్సాప్ గ్రూప్‌లో గ్రిల్ ఫొటోలు ఎన్ని వస్తాయో, "బ్రో, ఎర్రర్ కోడ్ చూపిస్తోంది, ఏం చెయ్యాలి?" అన్న మెసేజ్‌లూ అన్నే వస్తాయి.

ఫోన్ మధ్యలో ఆగితే రీస్టార్ట్ చేస్తాం. రాత్రి పదకొండింటికి మాంసం పెట్టి పడుకుంటే, మూడింటికి గ్రిల్ ఆరిపోతే రీస్టార్ట్‌తో పోదు. 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య (అంటే 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్) మాంసం రెండు గంటలకు మించి ఉండకూడదని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. ఎప్పుడు ఆరిందో తెలియని గ్రిల్‌లో ఉన్న మాంసాన్ని పిల్లలకు పెట్టగలమా? అందుకే ఈ గ్యాడ్జెట్ విషయంలో నమ్మకంగా పనిచేయడం అనేది స్పెక్ షీట్‌లో చివరి లైన్ కాదు, మొదటి లైన్ కావాలి. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, పెల్లెట్ గ్రిల్‌ను యాప్ చూసి కాదు, పాడయ్యే భాగాలు ఎంత తేలిగ్గా మార్చుకోవచ్చో చూసి కొనాలి.

లోపల ఏం జరుగుతుంది?

పెల్లెట్ అంటే రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన చిన్న గుళిక. పక్కనున్న హాపర్ అనే డబ్బాలో వీటిని పోస్తాం. కింద ఒక పొడవాటి స్క్రూ ఉంటుంది, దాన్ని ఆగర్ అంటారు. చిన్న మోటార్ దాన్ని నెమ్మదిగా తిప్పుతుంటే గుళికలు కొద్దికొద్దిగా మధ్యలో ఉన్న ఇనప కుండలోకి, అంటే ఫైర్ పాట్‌లోకి పడతాయి. అక్కడ ఇగ్నైటర్ అనే కడ్డీ ఎర్రగా కాలి వాటిని అంటిస్తుంది. ఫ్యాన్ గాలి ఊదుతుంది. టెంపరేచర్ ప్రోబ్ లోపలి వేడిని కొలిచి కంట్రోలర్‌కు చెబుతుంది. దాన్నిబట్టి కంట్రోలర్ ఎన్ని గుళికలు వేయాలో, ఎంత గాలి ఊదాలో తేలుస్తుంది. 3డీ ప్రింటర్ వాడేవాళ్లకు ఇది కొత్త కాదు. వేడిని అదుపులో పెట్టడానికి అక్కడ వాడే పీఐడీ లాజిక్కే చాలా గ్రిల్స్‌లోనూ ఉంటుంది.

1980ల్లో ఒరెగాన్ రాష్ట్రంలో జో ట్రేగర్ ఈ గ్రిల్‌ను తయారుచేశాడు. 1986లో పేటెంట్ వచ్చింది. 2006లో దాని గడువు ముగిశాక మిగతా కంపెనీలన్నీ రంగంలోకి దిగాయి. దీనివల్ల ధరలు తగ్గడమే కాదు, ఇంకో మేలు కూడా జరిగింది. అందరూ ఇంచుమించు ఒకే డిజైన్‌ను పట్టుకోవడంతో ఇగ్నైటర్, ఫ్యాన్, ఆగర్ మోటార్ లాంటివి ఎవరైనా తయారుచేసి అమ్మే మామూలు స్పేర్ పార్ట్స్ అయిపోయాయి. ఈ పాయింట్ గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

పాడయ్యేది ఎక్కడ?

ఓనర్లు చెప్పే కష్టాలు విన్నా, నేను చూసినవి లెక్కేసినా, గొడవలన్నీ కొన్ని చోట్లే ఉంటాయి.

తేమ: వీటన్నిటిలో పెద్ద శత్రువు ఇదే. పెల్లెట్‌కు తడి తగిలితే ఉబ్బి మళ్లీ పొట్టు అవుతుంది. ఆగర్ గొట్టంలో అది ఆరిపోతే సిమెంట్‌లా బిగుసుకుంటుంది. స్క్రూ తిరగదు. కొన్ని మోడళ్లలో మోటార్‌ను కాపాడటానికి ఒక చిన్న పిన్ ముందుగా విరిగిపోయేలా పెడతారు, దాన్ని మార్చుకుంటే సరిపోతుంది. అది లేకపోతే మోటార్‌కే దెబ్బ.

హాపర్‌లో గుంత: హాపర్ నిండుగానే కనిపిస్తుంది. కానీ ఆగర్ పైనున్న గుళికలు అయిపోయి, పక్కనున్నవి జారకుండా అలాగే నిలబడిపోతాయి. పైనుంచి చూస్తే ఫుల్, కింద ఖాళీ. రాత్రిపూట మంట ఆరిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

బూడిద: ఫైర్ పాట్‌లో బూడిద నిండితే గాలి ఆడదు, ఇగ్నైటర్ వేడి గుళికలకు అందదు. నేనైతే 20 పౌండ్ల బస్తా ఒకటి అయిపోగానే, గ్రిల్ పూర్తిగా చల్లారాక, బూడిద లాగే వ్యాక్యూమ్‌తో శుభ్రం చేస్తాను.

ఇగ్నైటర్: ప్రతిసారీ ఎర్రగా కాలే కడ్డీ కదా, ఏదో ఒకరోజు పోవడం ఖాయం. కొన్నిసార్లు అది షార్ట్ అయి, బయట గోడమీదున్న సేఫ్టీ సాకెట్‌ను ట్రిప్ చేస్తుంది. చూసేవాళ్లకు "గ్రిల్ మొత్తం చచ్చిపోయింది" అనిపిస్తుంది. నిజానికి పోయింది 20, 30 డాలర్ల పార్టే.

ప్రోబ్: దీనిమీద జిడ్డు, మసి పేరుకుంటే తప్పు లెక్క చెబుతుంది. కంట్రోలర్ దాన్నే నమ్మి వేడిని అటూ ఇటూ చేస్తుంది.

చూశారా? ఈ లిస్టులో వైఫై లేదు, స్క్రీన్ లేదు. గ్రిల్‌ను పడగొట్టేవి తడి, బూడిద, జిడ్డు, చవకైన ఒకట్రెండు పార్టులు.

మరి తప్పెవరిది?

ఇక్కడ రెండు వర్గాలున్నాయి. "వెయ్యి డాలర్లు పెట్టి చెత్త కొన్నాను" అంటారు ఒకరు. "మెయింటెనెన్స్ చెయ్యకుండా గ్రిల్‌ను తిడితే ఎలా?" అంటారు ఇంకొకరు. నా లెక్కలో ఇద్దరి మాటలోనూ సగం నిజముంది.

ఇది నిప్పుతో పనిచేసే యంత్రం. శుభ్రం చేయకుండా ఏళ్లు నడవాలనుకోవడం సర్వీసింగ్ చేయించకుండా బైక్ నడపడం లాంటిదే. కానీ కంపెనీలు కొనేటప్పుడు ఆ మాట గట్టిగా చెప్పవు కదా. యాడ్‌లో చెప్పేది "ఆన్ చేసి మర్చిపోండి" అని. క్లీనింగ్ గురించి మాత్రం మాన్యువల్‌లో ఏ ఇరవయ్యో పేజీలోనో ఉంటుంది. నా గ్రిల్ యాప్ సంగతే తీసుకోండి. వారానికి రెండు రెసిపీ నోటిఫికేషన్లు పంపిస్తుంది. ఇన్ని గంటలు నడిచింది, ఫైర్ పాట్ చూసుకోండి అని ఇప్పటివరకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎన్ని గంటలు నడిచిందో దానికి తెలుసు. వేడి ఎక్కడానికి ఈసారి ఎక్కువసేపు పట్టిందనీ తెలుసు. ఆ డేటాతో చెయ్యాల్సిన పని వదిలేసి చికెన్ వింగ్స్ ఫొటోలు పంపడాన్ని స్మార్ట్ అని నేను అనలేను.

అప్‌డేట్‌తో బాగుపడనివి

సాఫ్ట్‌వేర్‌తో అన్నీ సరిచేయొచ్చన్న ధీమా మన టెక్ జనాలకు కాస్త ఎక్కువ. 2020లో వెబర్ స్మోక్‌ఫైర్ వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. హాపర్‌లో పెల్లెట్లు సరిగా జారడం లేదని, గ్రీజ్ మంటలు వస్తున్నాయని మొదట్లో కొన్నవాళ్లు బాగా ఫిర్యాదు చేశారు. కంపెనీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఇచ్చింది, హాపర్‌లోనూ మార్పులు చేసింది. 2024లో సర్‌వుడ్ అనే కొత్త సిరీస్ తెచ్చింది. ఫ్యాన్ స్పీడ్‌ను అప్‌డేట్ మార్చగలదు. హాపర్ వాలును మార్చలేదు. దానికి రేకు వంచాల్సిందే.

రెండో ప్రమాదం దీనికి రివర్స్. హార్డ్‌వేర్ బాగానే ఉంటుంది, సర్వర్ ఉండదు. రివాల్వ్ అనే స్మార్ట్ హోమ్ హబ్ మీకు గుర్తుండే ఉంటుంది. 2014లో నెస్ట్ ఆ కంపెనీని కొంది, 2016లో సర్వర్లు ఆపేసింది. 300 డాలర్ల డబ్బా పేపర్ వెయిట్‌గా మిగిలింది. గ్రిల్‌కు అలా జరగకూడదంటే ఒకటే టెస్ట్. వైఫై ఆపేసి, ఫోన్ పక్కన పెట్టి, గ్రిల్ మీదున్న బటన్లతోనే అన్ని పనులూ చేయగలుగుతున్నామా? లేదంటే ఎంత మంచి డీల్ అయినా వదిలేయండి.

ఒకటి బతికింది, ఒకటి మూలన పడింది

నా గ్రిల్ ఇగ్నైటర్ మూడో చలికాలంలో పోయింది. వారంటీ అప్పటికి అయిపోయింది. ఆ సాయంత్రానికి ఫైర్ పాట్‌లో గుప్పెడు పెల్లెట్లు వేసి, చేత్తోనే అంటించి పని కానిచ్చాను. తర్వాత వేరే కంపెనీ ఇగ్నైటర్ ఆర్డర్ పెట్టాను. స్క్రూడ్రైవర్‌తో అరగంట పని. ఇప్పటికీ బ్రహ్మాండంగా నడుస్తోంది.

మా వీధిలో ఉండే ఒక అన్న గ్రిల్ నాదానికంటే ఖరీదైంది, పెద్ద టచ్ స్క్రీన్‌తో వచ్చింది. దాని కంట్రోలర్ బోర్డు పోయింది. ఆ కంపెనీ ఆ మోడల్ ఆపేసింది, కొత్త మోడల్ బోర్డు దీనికి కనెక్టర్ సరిపోదు, బయట దొరికేవి అసలే పట్టవు. సపోర్ట్ వాళ్లు ఇచ్చిన పరిష్కారం కొత్త గ్రిల్ మీద డిస్కౌంట్ కూపన్. "తమ్ముడూ, రేకు చెక్కుచెదర్లేదు, మోటార్ తిరుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది. చెప్పేవాడే లేడు" అన్నాడు. అది ఇప్పుడు గ్యారేజీలో కవర్ కప్పుకుని ఉంది.

రెండు గ్రిల్స్‌లోనూ ఏదో ఒకటి పాడైంది. అసలు తేడా పాడవడంలో లేదు, బాగుచేసుకునే దారి ఉండటంలో ఉంది. పేటెంట్ గడువు తీరాక మామూలు స్పేర్ పార్ట్స్ రూపంలో మనకొచ్చిన స్వేచ్ఛను, ఎవరికీ సరిపోని కనెక్టర్లతో కంపెనీలు మెల్లగా వెనక్కి లాక్కుంటున్నాయి. ఫోన్ బ్యాటరీల విషయంలో మనం చూసిన కథే ఇది.

కొనే ముందు ఇవి చూడండి

1. కొన్న వారంలో రాసిన ఐదు స్టార్ల రివ్యూలు పక్కన పెట్టండి. రెండేళ్లు దాటినవాళ్లు ఏమంటున్నారో వెతకండి. ఒకే పార్ట్ గురించి పదిమంది చెబుతుంటే అది మెయింటెనెన్స్ సమస్య కాదు, డిజైన్ సమస్య.

2. ఇగ్నైటర్, ఫ్యాన్, ఆగర్ మోటార్, ప్రోబ్, కంట్రోలర్. ఈ ఐదూ విడిగా అమ్ముతున్నారా, ధర ఎంత, బయటివి సరిపోతాయా అన్నది కార్ట్‌లో పెట్టకముందే చూడండి.

3. వారంటీ ఎన్నేళ్లు అన్నదే కాదు, దేనికి అన్నదీ చదవండి. రేకుకు ఒక లెక్క, ఎలక్ట్రానిక్స్‌కు ఇంకో లెక్క ఉండొచ్చు.

4. ఇండియాకు తెచ్చుకుందామనుకుంటే ఆగండి. అమెరికా మోడళ్లు 120 వోల్టులవి. మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెడితే ఇగ్నైటర్, కంట్రోలర్ అక్కడే మాడిపోతాయి.

కొన్నాక కూడా రెండు మాటలు మర్చిపోవద్దు. పని అయ్యాక ప్లగ్ పీకేయకుండా షట్‌డౌన్ సైకిల్ పూర్తి కానివ్వండి. ఫ్యాన్ మధ్యలో ఆగితే మంట వెనక్కి, ఆగర్‌లోకి పాకే ప్రమాదం ఉంది. మంట మధ్యలో ఆరిపోతే వెంటనే మళ్లీ ఆన్ చేయొద్దు. చల్లారనిచ్చి, ఫైర్ పాట్‌లో పోగైన పెల్లెట్లు తీసేశాకే వెలిగించండి. లేకపోతే ముందు దట్టమైన తెల్ల పొగ వస్తుంది, తర్వాత అంతా ఒక్కసారిగా అంటుకుని మూత ఎగిరేంత పని అవుతుంది. ఇక రాత్రంతా వండేటప్పుడు మాంసంలో గుచ్చే విడి థర్మామీటర్ ఒకటి, అలారం ఉన్నది, తప్పనిసరిగా పెట్టుకోండి. గ్రిల్ బాగుందో లేదో గ్రిల్‌నే అడిగితే ఎలా?

"ఇన్ని తలనొప్పులెందుకు, బొగ్గుల కుంపటి కొనుక్కోవచ్చుగా?" అంటారేమో. నిజమే, కుంపటికి ఎర్రర్ కోడ్ రాదు. కానీ ఎనిమిది గంటలు దాని పక్కన ఎవరో ఒకరు కాపలా కూర్చోవాలి. కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన మేక తొడను 250 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పెట్టి, పిల్లల్ని స్విమ్మింగ్ క్లాస్‌కు తీసుకెళ్లి, వచ్చేసరికి ఇంటినిండా ఆ వాసన ఉందంటే, ఆ సుఖం పెల్లెట్ గ్రిల్‌దే. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉండి ఓ కన్నేసి ఉంచాలనుకోండి.

రివ్యూలు రాసే మనకు కూడా ఇందులో ఒక పనుంది. గ్రిల్ వచ్చిన వారంలో మార్కులు వేసి వదిలేయకుండా, రెండేళ్ల తర్వాత ఎన్ని పార్టులు మార్చాం, ఎంత ఖర్చయింది, ఎన్ని రోజులు ఆగింది అని రాయాలి. ఆ మార్కులు కొనేవాళ్లకు అక్కరకొస్తాయి. ఇప్పటికి నా గ్రిల్ స్కోర్: మూడేళ్లు దాటింది, ఒక ఇగ్నైటర్ మార్చాను, పెట్టిన ఖర్చు 30 డాలర్ల లోపు. మీ దగ్గర ఏ గ్రిల్ ఉన్నా, ఇదే లెక్క మీరూ రాసి పెట్టుకోండి.