లైసెన్సు మన పేరున, సెట్టు ఆ తర్వాత

వికారాబాద్ జిల్లాలో ఇప్పుడు రేడియో కేంద్రం అంటే ఎవరికైనా దామగుండమే గుర్తుకొస్తుంది. 2024 అక్టోబర్ 15న పూడూరు మండలంలోని ఆ అడవిలో నౌకాదళ రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. దానికి ఇచ్చింది సుమారు 2,900 ఎకరాల అటవీ భూమి. నీటి అడుగున ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపడం ఆ కేంద్రం పని. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర 1990లో మొదలైన దాని తర్వాత దేశంలో ఇది రెండోది. అడవి పోతుందనీ, మూసీ పుట్టే కొండల పక్కన ఇదేమిటనీ చాలామంది ఆందోళన చేశారు. ఆ చర్చకు వేరే వ్యాసం కావాలి. నన్ను ఆపింది ఆ తేదీ. అక్టోబర్ 15 అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినం. 2008లో సరిగ్గా అదే రోజున, తాండూరుకు ఉత్తరాన జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూరులో దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది.

ఆ ఆడవాళ్లు అంతకు పదేళ్ల ముందు నుంచే కార్యక్రమాలు రికార్డు చేస్తున్నారు. విత్తనాల గురించి, వంటల గురించి, పాటలు, కథలు. యంత్రాలున్నాయి, నేర్చుకున్న చేతులున్నాయి. లైసెన్సు మాత్రం లేదు. 2002 నాటి ప్రభుత్వ విధానం ఆ లైసెన్సును విద్యాసంస్థలకే పరిమితం చేసింది. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకూ ఇస్తామన్నాకే దారి తెరుచుకుంది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెప్పింది. ఆ మాట మాచ్‌నూరు చేరడానికి 13 ఏళ్లు పట్టిందన్నమాట.

సంఘం రేడియో గురించి మన పత్రికల్లో ఎన్నోసార్లు రాసుకున్నాం. అలాంటి స్టేషను పెట్టాలంటే సంస్థ కావాలి, డబ్బు కావాలి, ఏళ్ల తరబడి ఢిల్లీ చుట్టూ తిరిగే ఓపిక కావాలి. కానీ తరంగాల్లోకి వెళ్లడానికి ఇంకో చిన్న తలుపు ఉంది. దాని గుండా ఒక్క మనిషి కూడా వెళ్లవచ్చు. దాని పేరు అమెచ్యూర్ రేడియో, వాడుకలో హామ్ రేడియో. ఇందులో ప్రసారం ఉండదు, సంభాషణ ఉంటుంది. పరీక్ష పాసైన మనిషికి ప్రభుత్వం ఒక కాల్‌సైన్ ఇస్తుంది. వి.యు.2 అనో, వి.యు.3 అనో మొదలై మూడక్షరాలతో ముగిసే ఆ గుర్తు ప్రపంచంలో ఇంకెవరికీ ఉండదు. వికారాబాద్, తాండూరు ప్రాంతాల్లో పనిచేసే మన సంఘాల నుంచి కనీసం ఐదారుగురు స్త్రీలు ఈ గుర్తు సంపాదించాలని నా వాదన.

ఫోన్లుండగా ఇదెందుకు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫోను ఎవరి పేరున ఉందో, రీఛార్జి ఎవరు చేయిస్తారో, రాత్రిపూట ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలియనిది కాదు. హామ్ లైసెన్సు అలాంటిది కాదు. అది మనిషి పేరున వస్తుంది. భర్త పేరున తీసుకుని భార్య మాట్లాడడం కుదరదు, భార్య పేరున తీసుకుని భర్త మాట్లాడడమూ కుదరదు. ఇంట్లో ఉన్న ఎన్ని వస్తువుల గురించి ఈ మాట చెప్పగలం?

రెండోది ఆపద సమయం. టవర్లకు కరెంటు పోయిన రోజున ఫోను చేతిలో బరువు తప్ప ఇంకేం కాదు. 2004 డిసెంబరులో భారతి ప్రసాద్ అనే హామ్ ఒక బృందానికి నాయకత్వం వహించి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లింది. అండమాన్ నుంచి హామ్ రేడియో నడపడానికి అనుమతి కోసం ఏళ్ల తరబడి తిరిగితే దొరికిన అవకాశం అది. ఆమెతో వెళ్లినవారు హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందినవారు. డిసెంబర్ 26 ఉదయం భూకంపం, ఆ వెంటే సునామీ. ఫోన్లు మూగబోయాయి. తీరిక వేళ వ్యాపకానికని తెచ్చిన సెట్లనే ఆమె సహాయ పనులకు తిప్పింది. ఎవరు బతికున్నారో, ఏ దీవికి ఏం కావాలో ఆమె స్టేషను మీదుగా వెళ్లింది. ఆ రోజు ఆమె అక్కడ ఉండడం యాదృచ్ఛికం. ఆమెకు ఆ పని చేతనై ఉండడం మాత్రం యాదృచ్ఛికం కాదు.

మనది సముద్ర తీరం కాదు, నిజమే. కానీ 2021 ఆగస్టు చివరి వానల్లో మర్పల్లి మండలంలో వాగు దాటుతూ పెళ్లివారి కారు కొట్టుకుపోయింది. చనిపోయినవారిలో కొత్త పెళ్లికూతురు కూడా ఉంది. రేడియో ఉంటే ఆమె బతికేదని చెప్పడం నా ఉద్దేశం కాదు, అలా చెప్పడం అబద్ధమవుతుంది. పై ఊళ్లో వాగు పొంగిందన్న కబురు కింది ఊరికి ఎవరి ద్వారా చేరుతుంది, ఆ కబురు మోసేవాళ్లలో ఆడవాళ్లు ఎందుకుండరు అని అడుగుతున్నాను. కాగ్నా పొంగినప్పుడల్లా తాండూరు పక్కన ఊళ్లు తెగిపోవడం కొత్త కాదు కదా.

ఇక లైసెన్సు సంగతి. ఇన్నాళ్లూ నడిచిన 1978 నిబంధనల ప్రకారం పన్నెండేళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాయవచ్చు. అంటే కస్తూర్బా విద్యాలయాల్లో చదివే పిల్లలు కూడా. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు తరగతులున్నాయి. జనరల్‌కు టకటకమనే మోర్స్ సంకేతాలు నేర్చుకోవాలి. రెస్ట్రిక్టెడ్‌కు ఆ బాధ లేదు, కాబట్టి దానితోనే మొదలుపెట్టడం మంచిది. ప్రశ్నలు రెండు భాగాలు. ఒకటి రేడియో ఎలా పనిచేస్తుందనేది: ఓమ్ సూత్రం, బ్యాటరీ, యాంటెన్నా, తరంగదైర్ఘ్యం. పదో తరగతి సైన్సు మరిచిపోనివారికి కొత్తగా తోచేది తక్కువ. 300ను మెగాహెర్ట్జ్‌ల సంఖ్యతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 145 మెగాహెర్ట్జ్‌లకు రెండు మీటర్లు, 7కు నలభై పైచిలుకు. ఇది వచ్చినవాళ్లు సగం యాంటెన్నాల పాఠం చదివినట్లే. రెండో భాగం నియమాలు. దరఖాస్తు టెలికమ్యూనికేషన్ల శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్ ద్వారా పెట్టుకోవాలి, పరీక్ష హైదరాబాదులోని వైర్‌లెస్ మానిటరింగ్ స్టేషనులో. పాత చట్టాల స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చాక నిబంధనలు ఒక్కొక్కటే మారుతున్నాయి. కనుక ఫారం, ఫీజు, కావలసిన కాగితాలు ఏమిటో దరఖాస్తు పెట్టే వారంలోనే కనుక్కోండి, పాత పుస్తకాన్ని నమ్మొద్దు. శిక్షణకు పైన చెప్పిన జాతీయ సంస్థ 1983 నుంచి హైదరాబాదులో ఉంది.

చెప్పడానికి ఇంత తేలిక. తాండూరు నుంచి పొద్దున రైలెక్కి పరీక్ష రాసి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. బండల పాలిష్ యూనిట్లో పనిచేసే ఆమెకు అది చిన్న నష్టం కాదు. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి భాష. ప్రశ్నపత్రం తెలుగులో రాదు. లెర్నర్ లైసెన్సు పరీక్ష తెలుగులో రాసి బండి నడుపుకుంటున్నాం. రేడియోకు తెలుగు ఎందుకు పనికిరాదు? ఆపద సమయంలో ఆ స్త్రీ మాట్లాడబోయేది తెలుగే, లంబాడీయే, ఉర్దూయే. వాగు పొంగిందని ఆమె ఇంగ్లీషులో చెప్పనక్కరలేదు. తెలుగులో ప్రశ్నపత్రం, జిల్లా కేంద్రంలో ఏడాదికి ఒక్కసారైనా పరీక్ష, ఈ రెండు కోర్కెలతో మన సంఘాలు అర్జీ పెట్టాలి. రాజీవ్ గాంధీ హామ్‌గా ఉన్న రోజుల్లో సోనియా గాంధీకి కూడా వి.యు.2 ఎస్.ఓ.ఎన్. అనే కాల్‌సైన్ ఉండేది. ప్రధాని ఇంట్లోకి వెళ్లిన గుర్తు తండాలోకి రావడానికి అభ్యంతరం ఉండకూడదు.

సెట్టు విషయంలో మన కార్యకర్తలు తొందరపడతారు. ముందు కొనేసి తర్వాత చూద్దాం అనుకుంటారు. దయచేసి వద్దు. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ సెట్టు దగ్గర పెట్టుకోవడమే నేరం కిందికి రావచ్చు. ఉద్యమాల్లో తిరిగే ఆడవాళ్ల సంచీలో అలాంటిది దొరికితే ఎవరు ఎలా వాడుకుంటారో ఊహించుకోండి. ఆన్‌లైనులో రెండు మూడు వేలకు దొరికే చైనా వాకీటాకీలు చూసి ఆశపడొద్దు. లైసెన్సు అవసరం సంగతి చెప్పకుండా, అనుమతుల వివరాలు లేకుండా వాటిని అమ్ముతున్నందుకు 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైను వ్యాపార కంపెనీలకు నోటీసులిచ్చింది. పాదయాత్రలో, వైద్య శిబిరంలో ముందువాళ్లూ వెనుకవాళ్లూ మాట్లాడుకోవడానికే అయితే 446 మెగాహెర్ట్జ్‌ల దగ్గర పనిచేసే తక్కువ శక్తి సెట్లకు 2018 నుంచి లైసెన్సు అక్కరలేదు. కొనేటప్పుడు సెట్టుకు ప్రభుత్వ ఆమోదం ఉందో లేదో చూసుకోవాలి, అంతే.

లైసెన్సు వచ్చాక ఏది కొనాలి? నన్నడిగితే మొదట ఒక చేతి సెట్టు, 144 నుంచి 146 మెగాహెర్ట్జ్‌ల మధ్య మాట్లాడేది, ఐదు వాట్లది. మైదానంలో కొద్ది కిలోమీటర్లు అందుతుంది. అనంతగిరి కొండ అడ్డమొస్తే అదీ అందదు. వికారాబాద్ నుంచి తాండూరు నలభై కిలోమీటర్లు, చేతి సెట్టు నేరుగా చేరదు. కొండ మీద రిపీటర్ పెడితే ఒకరి మాట అందుకుని రెండో వైపు పంపుతుంది. సముద్రం అడుగుదాకా మాట పంపే కేంద్రానికి చోటిచ్చిన జిల్లాలో ఒక రిపీటరుకు కొండ మీద గజం చోటు అడగడం అత్యాశ కాదు.

కొండలతో పని లేని దారి కూడా ఉంది, 7 మెగాహెర్ట్జ్‌ల బ్యాండు. దాని యాంటెన్నా మామూలు రాగి తీగ. పది మీటర్లు ఇటు, పది మీటర్లు అటు, మధ్యలో కేబులు. రెండు వేపచెట్ల మధ్య మరీ ఎత్తుగా కాకుండా కడితే తరంగం నిట్టనిలువుగా పైకి వెళ్లి అయనావరణాన్ని తాకి చుట్టుపక్కల రెండు మూడు వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతుంది. పగటిపూట జిల్లా మొత్తానికీ, హైదరాబాదుకూ చాలు. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉంటే కరెంటు లేకపోయినా నడుస్తుంది. ఈ బ్యాండుకు కొత్త జపాన్ సెట్టు కొనాలంటే లక్షకు అటూఇటూ పెట్టాలి. అంత అక్కరలేదు. హైదరాబాదుకే చెందిన అష్హర్ ఫర్హాన్ చేతితో కట్టుకోదగిన సెట్టును బిట్‌ఎక్స్ పేరుతో రూపొందించి డిజైను అందరికీ వదిలేశాడు. 2016లో దాన్ని బిట్‌ఎక్స్-40 పేరుతో తక్కువ ధరకు సిద్ధం చేసి అమ్మినప్పుడు ప్రపంచమంతా కొన్నారు. ఆ సెట్లలో వలయాల మీద సన్నటి రాగి తీగ చుట్టి కాయిళ్లు తయారుచేసింది స్త్రీల బృందం. తీగ చుట్టడానికి పనికొచ్చిన వేళ్లు మైకు మీట నొక్కడానికి కూడా పనికొస్తాయి కదా! ఒక దుకాణంలో నేను సోల్డరింగ్ ఐరన్ అడిగితే "సార్ ఏ వాటేజీ తెమ్మన్నారమ్మా?" అన్నాడు కుర్రాడు. సార్ ఎవరూ లేరని చెప్పడానికి కొంచెం సమయం పట్టింది.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. హామ్ రేడియోలో రహస్యం ఉండదు. మనం మాట్లాడేది సెట్టు ఉన్న ప్రతివారూ వింటారు, సంకేత భాషలో మాట్లాడడం నిషేధం. కాబట్టి గృహహింస కేసు, బాధితురాలి పేరు, ఆమె ఎక్కడ తలదాచుకుందన్న సంగతి, ఇవేవీ ఎట్టి పరిస్థితుల్లోనూ గాలిలో చెప్పకూడదు. వాటికి 181 ఉంది, 112 ఉంది, సఖి కేంద్రాలున్నాయి. వ్యాపారం, రాజకీయ ప్రచారం, వార్తల ప్రసారం కూడా ఇందులో కుదరవు. ధర్నాకు జనాన్ని పిలవడానికి ఇది పనికిరాదు. ఈ హద్దులు తెలియకుండా లైసెన్సు తీసుకున్నవాళ్లు దాన్ని పోగొట్టుకుంటారు, సంఘానికీ చెడ్డపేరు తెస్తారు.

స్టేషను చిరునామా విషయం కూడా ముందే ఆలోచించుకోవాలి. కాల్‌సైన్లూ పేర్లూ చిరునామాలూ నలుగురికీ కనిపించే జాబితాల్లోకి ఎక్కుతుంటాయి. ఒంటరిగా ఉండే స్త్రీ, బెదిరింపులు ఎదుర్కొంటున్న కార్యకర్త తన ఇంట్లో స్టేషను పెట్టడం నాకు మంచిదనిపించదు. నిబంధనల్లో క్లబ్ స్టేషనుకు కూడా చోటుంది. సంఘం కార్యాలయంలో క్లబ్ పేరున స్టేషను పెట్టి, లైసెన్సున్న స్త్రీలు వంతులవారీగా నడపవచ్చు. తీగ కట్టడానికి అత్తగారి మిద్దె మీదికో, అద్దె ఇంటి యజమాని దగ్గరికో అనుమతికి పోయే పని కూడా తప్పుతుంది.

గాలిలో మగవాళ్లు వెకిలిగా మాట్లాడితే ఏం చేయాలని శిక్షణ సమావేశాల్లో తప్పకుండా అడుగుతారు. ప్రతి హామ్ లాగ్‌బుక్ రాయాలన్నది నియమం: తేదీ, సమయం, ఏ ఫ్రీక్వెన్సీ, ఎవరి కాల్‌సైన్. ఆ పుస్తకాన్ని శ్రద్ధగా రాయండి. అవతలివాడు కాల్‌సైన్ చెప్పకుండా మాట్లాడితే అది అతని తప్పు, చెప్పి వాగితే సాక్ష్యం మీ పుస్తకంలో ఉంటుంది. లైసెన్సిచ్చిన కార్యాలయానికే ఫిర్యాదు చేయవచ్చు. పుస్తకం మొదటి పేజీలో కలెక్టరేటులోని విపత్తు విభాగం ఫోను నంబరు, పక్క మండలాల్లోని హామ్‌ల కాల్‌సైన్లు రాసి పెట్టుకోండి. వానాకాలం రాకముందే నెలకొకసారి ఒక గంట సెట్టు తెరిచి, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూసి అదీ రాయండి.