నాలుగు గడుల గుంటలో తరగని నీళ్లు

విద్యార్థులారా! మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో ఆట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. స్వీడన్ దేశస్థుడు మార్కస్ పెర్సన్ దానిని 2009 మే 17న తొలిసారి జనం ముందుంచాడు. 2024లో దానికి పదిహేనేళ్లు నిండాయి. అప్పటికే 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. 2014లో మైక్రోసాఫ్ట్ ఈ ఆట తయారీ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొన్నది. అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల. వారి కుటుంబపు సొంత ఊరు మన అనంతపురం జిల్లాలోని బుక్కాపురం. ఆ విధంగా ఈ ఆటకు మన కరువు సీమతో చుట్టరికం కలిసింది.

ఆ ఆటలో ఒక వింత ఉన్నది. నేలలో రెండు వరుసలుగా నాలుగు గడుల గుంట తవ్వి, ఎదురెదురు మూలల్లో రెండు బకెట్ల నీళ్లు పోస్తే గుంటంతా నిండుతుంది. ఆపైన ఎన్ని బకెట్లు తోడినా నీరు తరగదు. రెండు నీటి గడులను ఆనుకొని ఉన్న ఖాళీ గడి కూడా ఊటగా మారాలని ఆట నియమం!

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఆటలో ఒక గడి ఒక ఘనమీటరు, అనగా 1000 లీటర్లు. మన జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అంటే ఏడాది వాన మొత్తం 550 లీటర్లే. ఒక్క చుక్క ఆవిరి కాకపోయినా, ఇంకకపోయినా ఒక గడి నిండటానికి దాదాపు రెండేళ్లు కావాలి. ఆటలో అది రెప్పపాటు పని.

ద్రవ్యనిత్యత్వ నియమాన్ని ఆట తప్పించుకోగలదు, బోరుబావి తప్పించుకోలేదు. తోడినంత నీరు తిరిగి భూమిలోకి చేరకపోతే నీటిమట్టం దిగిపోతుంది. చేతికొచ్చిన పంటను కాపాడుకోవాలనే ఆరాటంతో, భూమి అడుగున తరగని గుంట ఉన్నదనే ఆశతో, మన పెద్దలెందరో అప్పు చేసి బోరు మీద బోరు వేశారు. వారెవరూ వీడియో ఆటలు ఆడినవారు కారు!

కనుక ఆట మానమని నేను చెప్పను. ఆడేటప్పుడు నియమాన్ని ప్రశ్నించమంటాను. ఈ సెలవుల్లో ఒక అట్టమీద గడులు గీసి మీరే ఒక ఆట తయారుచేయండి. ఏడాదికి గడికి 550 లీటర్లే ఇవ్వండి. కుంట తవ్వితే కొంత నీరు భూమిలో చేరాలి. ఒకరు బోరు వేసి తోడితే పక్కవారి బోరులో మట్టం తగ్గాలి.

అటువంటి ఆటలో ఒక్కడే గెలవగలడా? ఆడి తెలుసుకోండి.