చెవికి దెలియు జాబితా



మనలో పెక్కండ్రు నేడు వంటలను, వ్రతవిధానములను, గృహవైద్యమును అంతర్జాలపు పుటలయందు వ్రాయుచున్నారు. ఆ పుటలను చెవులతో చదువు వారును కలరని మఱవరాదు. చూపులేనివారు స్క్రీన్ రీడర్ అను సాధనముచే పుటను చదివించుకొని విందురు. ఆస్ట్రేలియా దేశీయుడును, అంధుడును అగు మైకేల్ కరన్ 2006వ సంవత్సరమున ఆరంభించిన ఎన్.వి.డి.ఎ. అట్టి సాధనమే. అది ఉచితముగా లభించును. తెలుగును సైతము పలుకును.

పులిహోరకు వలయు పదార్థములను మనము వరుసకొక చుక్కయో, గీతయో పెట్టి క్రిందుగా పేర్చుదుము. చూచువారికది జాబితాయే, సాధనమునకు మాత్రము వట్టి వాక్యములు. దానికి దెలియవలెనన్న హెచ్.టి.ఎం.ఎల్. గుఱుతులుండవలెను. క్రమముతో పనిలేని పదార్థములకు యు.ఎల్., ముందువెనుకలు మారరాని వంటవిధానమునకు ఓ.ఎల్., ఒక్కొక్క అంశమునకు ఎల్.ఐ. వ్రాతపెట్టెపైనున్న జాబితా మీటను నొక్కినచో సామాన్యముగా ఈ గుఱుతులు తామే పడును.

ఇట్లు చేసిన, జాబితాలో ఎన్ని అంశములున్నవో సాధనము మొదటనే చెప్పును. ఎన్.వి.డి.ఎ.లో ఎల్ మీటతో జాబితానుండి జాబితాకును, ఐ మీటతో అంశమునుండి అంశమునకును పోవచ్చును.

ఇది అలంకారప్రాయమగు విషయము కాదు. పులిహోరలో ఇంగువ మఱచిన రుచి తగ్గును, అంతియే. జ్వరముతోనున్న బిడ్డకు మందుల వరుసను వినుచున్న తల్లికి, అవి మూడో నాలుగో, ఒకటి దాటిపోయెనో లేదో తెలియకున్న నేమగును?

చుక్కలు అందముగా లేవని కొందఱు తొలగింతురు. అప్పుడు సఫారీలో వాయిస్‌ఓవర్ కొన్నివేళల దానిని జాబితాయని చెప్పదు. యు.ఎల్.కు రోల్ అను గుణమును చేర్చి, దాని విలువ లిస్ట్ అని వ్రాసిన మరల చెప్పును. మఱియు జాబితా కానిదానికి అందముకొఱకు ఈ గుఱుతులు పెట్టరాదు, వినువారు భ్రమపడుదురు.

కంటికి కనబడు కూర్పు సాధనములకును తెలియవలెనని డబ్ల్యు.సి.ఎ.జి. యందలి 1.3.1 నియమము. డిజిటల్ సేవలు అందఱికి అందుట రాజ్యాంగపు 21వ అధికరణమునందలి జీవనహక్కులో భాగమని మన సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పినది. చట్టమునకు వెఱచి కాక, సాటి స్త్రీని తలచి ఈ పని చేయుదమని మా మనవి.

పుట ముగిసినపిదప కన్నులు మూసికొని దానిని ఒకమాఱు చదివించి వినుడు. అంశముల లెక్క చెవిని పడెనా, అది జాబితా. పడకున్న, మరల దిద్దుడు.